పట్టా ఒకరిది, పంట ఒకరిది: డెల్టాలో సంక్షేమం ఎవరి దాకా వెళ్తోంది?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎం.ఏ. సోషియాలజీ ప్రాజెక్టు కోసం కోనసీమలో రెండు ఊళ్లు తిరిగానన్నారు. గోదావరి నీళ్లున్నాయి, రెండు పంటలున్నాయి, కొబ్బరి ఉంది, రొయ్యల చెరువులున్నాయి, పైన ఇన్ని పథకాలున్నాయి, అయినా ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య దూరం ఎందుకు తగ్గలేదు అని అడిగారు. సంక్షేమ విధానాల చరిత్ర చదివితే ఇది అర్థమవుతుందా, లేక ఊళ్లోనే వెతకాలా అన్నది మీ రెండో ప్రశ్న.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా మండల ఆఫీసుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. రేషన్ కార్డులు, పెన్షన్లు, ఇళ్ల స్థలాలు, కౌలు కార్డులు, తుఫాను నష్టం లెక్కలు, అన్నీ నా టేబుల్ మీదుగా వెళ్లినవే. ఆ అనుభవంతో మీకు ఒక మాట చెప్తాను. పథకం పేరేమిటి, ఎంత డబ్బు ఇస్తున్నారు అన్నది తర్వాత చూడండి. ముందు ఆ పథకం ఏ కాగితం అడుగుతోందో చూడండి. ఆ కాగితం ఊళ్లో ఎవరి పేరు మీద ఉంది, దాని మీద ఎవరు సంతకం పెట్టాలి అని కనుక్కోండి. డెల్టాలో ఏ పథకం ఎవరి దాకా వెళ్లి ఆగిపోయిందో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

చరిత్ర కొంచెం అవసరమే. 1833 ప్రాంతంలో ఈ జిల్లాలు ఘోరమైన కరువు చూశాయి. ఆ తర్వాత కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేశారు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి నేటికి సుమారు పది లక్షల ఎకరాల ఆయకట్టు. మా తాత తరం ఆయన ఫొటో దేవుడి పటాల పక్కన పెట్టుకుంది, అది ఉత్తినే కాదు. కానీ ఆ నీళ్లు శిస్తుతో, పట్టాతో ముడిపడి వచ్చాయి. పట్టా ఉన్నవాడి ఎకరం విలువ ఎన్నో రెట్లు పెరిగింది. అదే ఎకరంలో దమ్ము చేసేవాడికి, ఊడ్చే ఆడవాళ్లకు పని దినాలు పెరిగాయి, అంతవరకే.

మళ్లీ 1960-61లో ప్యాకేజీ ప్రోగ్రాం వచ్చింది. దేశం మొత్తం మీద మొదట ఎంచుకున్న ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. మేలు రకం విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ ఒకేచోట ఇచ్చారు. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్-8 అనే మేలు రకం వరి పండించి చూపించిన సంగతి వ్యవసాయం చదివినవాళ్లందరికీ తెలుసు. 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ రకం వచ్చింది. దిగుబడి పెరిగింది, దేశానికి అన్నం దొరికింది, ఇందులో ఎవరినీ తప్పు పట్టను. కానీ సొసైటీ అప్పు కావాలంటే పొలం కాగితం ఉండాలి. కాబట్టి ఆ సాయం కూడా పాత పట్టాల దారినే పోయింది. ఆ ఆదాయంతో పిల్లలు చదువుకున్నారు. రాజమండ్రి, కాకినాడ, హైదరాబాదు, అమెరికా వెళ్లారు. పొలం మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. దాన్ని చేస్తున్నది కౌలుదారు.

మీ రెండు ఊళ్లలోనూ సగం పైగా పొలం కౌలులోనే ఉందని మీరే రాశారు. మీ ప్రాజెక్టుకి అసలు గుండెకాయ అదే.

ఒక ఎకరం లెక్క వేసి చూపిస్తాను. మా పక్క ఊళ్లో ఒక కౌలు రైతు నా ఎదుట కూర్చుని చెప్పిన లెక్క. సార్వా (వానాకాలం పంట) 30 బస్తాలు, దాళ్వా (రెండో పంట) 45 బస్తాలు, బస్తా అంటే ఇక్కడ 75 కిలోలు. మొత్తం 75 బస్తాలు. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకి 2,300, అంటే బస్తా 1,725 రూపాయలు. మొత్తం 1,29,375. మక్తా, అంటే పొలం సొంతదారుకి కట్టే కౌలు, ఎకరాకి 30 బస్తాలు, అంటే 51,750 పోయింది. రెండు పంటల పెట్టుబడి దమ్ము దగ్గర్నుంచి కోత మిషను దాకా 64,000. మిగిలింది 13,625. ఏడాదంతా ఆయన, ఆయన భార్య పొలంలో పడ్డ కష్టానికి అదే కూలి. పెట్టుబడికి తెచ్చిన అప్పు మీద వడ్డీ ఇందులో కలపలేదు.

ఇది అన్నీ సవ్యంగా ఉన్న ఏడాది లెక్క. నవంబరులో కోత ముందు వాయుగుండం వచ్చి సార్వా మొత్తం పోయిందనుకోండి. డెల్టాలో అది అరుదేమీ కాదు, 1996 నవంబరు 6 రాత్రి తుఫాను చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 30 బస్తాలు పోతాయి, మక్తా పోదు. అప్పుడు అదే లెక్కలో ఎకరాకి 38 వేలు అప్పు తేలుతుంది. పంట పోయిన నష్టం ఒకరిది. మరి నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడుతుంది? ఈ-పంటలో, అంటే ఏ పొలంలో ఎవరు పంట వేశారో రాసే ప్రభుత్వ జాబితాలో, ఎవరి పేరు ఎక్కితే వాళ్ల ఖాతాలో.

ఇప్పుడు పథకాల కాగితాలు చూడండి. కేంద్రం పీఎం కిసాన్ ఏడాదికి 6,000 ఇస్తోంది. అది భూమి సొంతంగా ఉన్న రైతు కుటుంబానికే, కౌలుదారుకి అందులో చోటు లేదు. 2019లో రాష్ట్రం రైతు భరోసా కింద 13,500 ఇచ్చినప్పుడు కౌలు రైతుల్ని కలిపారు. అది పెద్ద అడుగే. కాకపోతే సెంటు భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకే, అదీ కౌలు కార్డు ఉంటేనే. ఓసీ కులాల పేద కౌలుదారు బయటే ఉండిపోయాడు. 2025 ఆగస్టులో మొదలైన అన్నదాత సుఖీభవ పీఎం కిసాన్‌తో కలిపి 20,000. మొత్తం పెరిగింది. కౌలుదారు దగ్గర అడిగే ఆధారం మాత్రం కౌలు కార్డే.

ఆ కార్డు ఎందుకు దొరకదో మీకు చెప్పాలంటే చట్టాల వరస చెప్పాలి. మీ సిలబస్‌లో విధానాల పరిణామం అంటారు కదా, అది ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

1956 కౌలు చట్టం, దానికి 1974లో వచ్చిన సవరణ కౌలుదారుకి గట్టి రక్షణే ఇచ్చాయి. కనీసం ఆరేళ్ల కౌలు, భూమి అమ్మితే కొనుక్కోవడానికి మొదటి హక్కు. అదే టైములో 1973 భూ పరిమితి చట్టం వచ్చింది. మాగాణి అయితే రకాన్ని బట్టి కుటుంబానికి 10 నుంచి 27 ఎకరాలకు మించి ఉండకూడదు. ఆసాములకు, అంటే పొలం సొంతదార్లకు, భయం పట్టుకుంది. అప్పటి నుంచి కౌలు నోటి మాటగా మారిపోయింది. కాగితం రాస్తే పొలం పోతుందన్న మాట తండ్రి కొడుక్కి చెప్పాడు, కొడుకు అమెరికా నుంచి ఇప్పటికీ అదే చెప్తున్నాడు. కౌలుదారుని కాపాడాలని రాసిన చట్టమే అతన్ని రికార్డులో లేకుండా చేసింది. దాన్ని రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ఊళ్లో ఎవరి మాట చెల్లుతుందో లెక్కలోకి తీసుకోలేదు.

2011లో సాగుదారుల చట్టం వచ్చింది. పంట అప్పుకి, పరిహారానికి పనికొచ్చే రుణ అర్హత కార్డు. దీనికి ఆసామి సంతకం అక్కర్లేదు. గ్రామసభలో విచారించి ఇచ్చేయొచ్చు. నా సర్వీసులో నేను చూసిన మంచి చట్టాల్లో అదొకటి. అదే ఏడాది కోనసీమ రైతులు గిట్టుబాటు కాక సార్వాకి క్రాప్ హాలిడే ప్రకటించారు, ప్రభుత్వం మోహన్ కందా గారి కమిటీ వేసింది, రైతు కష్టం గురించి రాష్ట్రమంతా మాట్లాడింది. ఆ వేడిలో మేం ఊరూరా దరఖాస్తులు తీసుకున్నాం.

ఒక ఊళ్లో జరిగింది నేను ఇప్పటికీ మర్చిపోలేను. గ్రామసభ బాగా జరిగింది. స్కూలు వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటే, చేతులు కడుక్కుని, మంచి చొక్కా తొడుక్కుని వచ్చి దరఖాస్తులు ఇచ్చారు. మూడో రోజు పొద్దున్నే ఆఫీసు తలుపు తీసేసరికి వాళ్లలో సగం మందికి పైగా బయట నిలబడి ఉన్నారు. ఒక పెద్దాయన ముందుకొచ్చి, "మా కాగితాలు తిరిగిచ్చెయ్యండి బాబూ. కార్డొస్తే అప్పొస్తాదేమో గానండి, పొలం ఉండదు కదండి" అన్నాడు. రాత్రి ఒక్కొక్కరికీ ఆసామి దగ్గర్నుంచి ఫోన్ వెళ్లింది. బెదిరింపు ఏమీ లేదు, "వచ్చే ఏడు మేమే చేయించుకుందాం అనుకుంటున్నాం" అన్నారట, అంతే. రిజిస్టరులో ఉపసంహరణకు కారణం అనే గడి ఉంది. అందరి పేర్ల ఎదురుగా నేను "స్వచ్ఛందంగా" అని రాశాను. ఇంకేం రాయాలో నాకు తోచలేదు. పై ఆఫీసుకి వెళ్లిన రిపోర్టులో ఆ ఊళ్లో కౌలుదారులకు కార్డుల అవసరం తక్కువ అని తేలింది. అలా రాసినందుకు నాకు ఈ రోజుకీ మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది. అందుకే చెప్తున్నాను, మీరు లెక్కలు తీసుకునేటప్పుడు ఆ గడిలో నాలాంటివాడు రాసిన మాటను నిజం అనుకోకండి. ఆ మనిషిని వెతుక్కుని వెళ్లి అడగండి.

కార్డు వచ్చినవాళ్లకి కూడా బ్యాంకులో చిక్కే. అదే సర్వే నంబరు మీద ఆసామి అప్పటికే పంట అప్పు తీసుకుని ఉంటాడు. ఒక పొలం మీద రెండు అప్పులు ఇవ్వం అని మేనేజరు అంటాడు. రూల్ ప్రకారం ఆయన మాటా కొట్టిపారేయలేం.

2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఇది 11 నెలల ఒప్పందం, ఆసామి భూమి హక్కుకి ఏ ఢోకా లేదని చట్టంలోనే రాశారు. ఆసాముల భయం తీర్చాలన్నది దాని ఆలోచన. కానీ ఒప్పందం మీద ఆసామి సంతకం కావాలి. ఆ ఒక్క సంతకం దగ్గరే అంతా ఆగిపోయింది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఎవరి దయ మీద బతుకుతున్నాడో వాళ్ల చేతే అర్హత సంతకం పెట్టించుకు రమ్మంటే, దాన్ని హక్కు అనలేం. 2011 పద్ధతిలో గ్రామసభ ఉండేది. అది బలహీనమే, కానీ దాన్ని బలపరచవచ్చు. పొలంలో ఎవరున్నారో ఊరంతటికీ తెలుసు.

ఇంత చెప్పాక, సంక్షేమం వల్ల ఏమీ మారలేదు అని రాసేస్తారేమో. దయచేసి అలా రాయకండి. కాగితం మారిన చోట ఫలితం కూడా మారింది, అది నేను కళ్లారా చూశాను.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. దానికి పొలం కాగితం అక్కర్లేదు, కార్డు చాలు. అంతకుముందు ఊడ్పులకీ కోతలకీ మధ్య పనిలేని నెలల్లో కూలి కుటుంబాలు రైతు దగ్గర ధాన్యం అప్పు తెచ్చుకునేవి. ఒక బస్తాకి పంట రోజుల్లో బస్తాన్నర కొలవాలి. ఆ అప్పు తీరేదాకా ఆయన పొలంలోనే పని, ఆయన చెప్పిన కూలికే. వెట్టిచాకిరీ నిషేధ చట్టం 1976లోనే వచ్చింది, కానీ ఆ కట్టు నిజంగా వదులైంది నెలకోసారి బియ్యం ఇంటికి రావడం మొదలయ్యాకే. ఆకలి తీరడం ఒక లాభం. ఎవరి గడప తొక్కనక్కర్లేకపోవడం ఇంకా పెద్ద లాభం. మీరు పేటల్లో డెబ్భై దాటిన ఆడవాళ్లని అడగండి, డబ్బు లెక్క చెప్పలేకపోయినా ఈ సంగతి చెప్తారు.

పెన్షన్ కూడా అంతే. రాష్ట్రంలో వృద్ధాప్య పెన్షన్ 2006లో 200, 2014లో 1,000, 2019 మొదట్లో 2,000, 2024 జనవరికి 3,000, ఆ జూలై నుంచి 4,000. కేంద్రం వాటా మాత్రం 80 ఏళ్లలోపు వాళ్లకి ఇప్పటికీ నెలకి 200 దగ్గరే ఉంది. మీ ప్రాజెక్టులో ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టండి. 4,000 చేతికొస్తున్న ముసలావిడ "ఆ కూలికి రాను" అనగలుగుతోంది. కొడుకు దగ్గర చెయ్యి చాపకుండా మనవరాలికి పుస్తకం కొనగలుగుతోంది. కూలి రేటు పెరగడంలో ఉపాధి హామీకి వాటా ఉందని అందరూ రాస్తారు, నిజమే. పెన్షన్‌కి కూడా ఉందని నా నమ్మకం.

అయినా కాగితం పని అక్కడితో అయిపోలేదు. ఇప్పుడు కాగితం స్థానంలో వేలిముద్ర వచ్చింది. 2015లో రేషన్ షాపులకి మిషన్లు వచ్చిన కొత్తల్లో ఒకావిడని చూశాను. కుర్రతనం నుంచీ ఊడ్పులు, మిగతా రోజుల్లో కొబ్బరి పీచు పని. పది వేళ్లూ పెట్టింది, ఒక్కటీ పడలేదు. కొంగుతో తుడుచుకుంది, నిమ్మచెక్కతో రుద్దుకుంది, మళ్లీ పెట్టింది. వేళ్ల చివర్లు నున్నగా, అరిగిపోయిన రూపాయి బిళ్లలా ఉన్నాయి. ఎంత ఎక్కువ పని చేసిందో అంత తక్కువగా ఆ మిషన్ ఆమెని గుర్తుపట్టింది. తర్వాత కంటిపాప గుర్తింపు లాంటి వేరే దారులు పెట్టారు. ఆమె మాత్రం మూడు నెలలు తిరిగింది.

ఇంకో ఉదాహరణ అంతర్వేది వైపు వెళ్తే దొరుకుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజులకి ఇచ్చే భృతి 2019లో 10,000, 2025లో 20,000 అయింది. దానికి లెక్క ఎలా తీస్తారో చూడండి. బోటు దగ్గరికి వెళ్లి, ఆ బోటు మీద వేటకి వెళ్లేవాళ్లు ఎవరని ఒక్కొక్కరి పేరు రాసుకుంటారు. ఓనరుతో పాటు కళాసీలకి కూడా డబ్బు వస్తుంది. సముద్రం మీద పనిచేసేవాణ్ణి లెక్క రాయగలిగినప్పుడు, గట్టు మీద నిలబడి పొలంలో ఉన్నవాడి పేరు రాసుకోవడం సాధ్యం కాదనడం నాకు సబబుగా అనిపించదు.

కాలవ గట్ల మీద ఇళ్ల గురించి కూడా ఒక అధ్యాయం రాయండి. కరెంటు మీటరు ఉంటుంది, రేషన్ కార్డు ఉంటుంది, ఓటు ఉంటుంది. అది ఇరిగేషన్ పోరంబోకు, అంటే కాలవలకి చెందిన ప్రభుత్వ స్థలం, కాబట్టి పట్టా రాదు, పట్టా లేదు కాబట్టి ఇంటి లోను రాదు. మూడు తరాలు అలాగే గడిచిపోయిన కుటుంబాలున్నాయి. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చేపల, రొయ్యల చెరువుల సంగతి వేరే కథ. వరి కౌలు కంటే చెరువు లీజు చాలా ఎక్కువ, పైగా నగదు ముందే చేతికొస్తుంది. దాంతో వరి కౌలుదారుకి పొలం పోయింది, ఊడ్చే ఆడవాళ్లకి పని పోయింది. కోనసీమ ఆడవాళ్లు కువైట్, మస్కట్ ఇళ్లల్లో పనికి వెళ్లి పంపిన డబ్బుతో కట్టిన స్లాబు ఇల్లే చాలా పేటల్లో కొత్తగా కనిపించే ఆస్తి. దానికి ఏ పథకం పేరూ పెట్టలేం.

డబ్బు లెక్క ఒక్కటే సరిపోదని కూడా మీకు తెలుసు. 2022 మే 24న అమలాపురంలో జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద గొడవ జరిగి ఇళ్లు తగలబడ్డాయి. ఒక్క పథకం ఆగలేదు, ఒక్క రూపాయి ఎవరికీ తగ్గలేదు, ఒక పేరు కోసం జరిగింది. ఆ పేరుగల మనిషే 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, రాజకీయాల్లో సమానత్వం వస్తోంది, సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత అలాగే ఉంటోంది, ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించుకోకపోతే కష్టం అని హెచ్చరించాడు. మీ థియరీ అధ్యాయానికి మొదటి పేజీ అక్కడి నుంచి మొదలుపెట్టమని నా సలహా.

మీ పుస్తకాల్లో సంక్షేమ విధానాలకి దారి వేసిన జర్మనీ బిస్మార్క్, బ్రిటన్ బెవరిడ్జ్ ఉంటారు. చదవండి, కానీ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. 1880లలో జర్మనీలో పెట్టిన బీమాకి, పెన్షన్‌కి ఆధారం కార్మికుడి జీతం. యజమాని వాటా, కార్మికుడి వాటా, రెండూ రికార్డయ్యేవి. మన దగ్గర 1952 ప్రావిడెంట్ ఫండ్ చట్టం ఆ పద్ధతిలోదే, కాబట్టి అది ఫ్యాక్టరీ, ఆఫీసు గేటు దాటి రాలేదు. ఊడ్పుల ముఠాకి జీతం పుస్తకం ఎవరు రాస్తారు? అందుకే మన సంక్షేమం పని మీద కాకుండా కార్డు మీద, కులం సర్టిఫికెట్ మీద, పొలం పట్టా మీద నిలబడింది. రాజ్యాంగం 41వ అధికరణం వృద్ధాప్యంలో, జబ్బులో ప్రభుత్వ సాయం గురించి చెప్తుంది. కానీ అది ఆదేశిక సూత్రం, కోర్టుకెక్కి సాధించుకునే హక్కు కాదు. కాబట్టి ప్రతి ఎన్నికకీ అంకె మారుతుంది.

ఇక ఎలా మొదలుపెట్టాలన్నారు. ప్రశ్నాపత్రం పట్టుకుని ఇంటింటికీ వెళ్లొద్దు, పథకం పోతుందేమో అని భయపడి అసలు సంగతి చెప్పరు. ముందు రైతు సేవా కేంద్రంలో ఈ-పంట జాబితా చూడండి, సామాజిక తనిఖీ కోసం అది బయట పెడతారు. ఒక ఇరవై సర్వే నంబర్లు రాసుకోండి. డిసెంబరులో కోతలప్పుడు ఆ పొలాలకి వెళ్లండి. కళ్లంలో ధాన్యం ఆరబోసి, తేమ 17 శాతం దాటకుండా చూసుకుంటూ, సంచులు, లారీ ఎప్పుడొస్తాయా అని రాత్రుళ్లు టార్పాలిన్ కప్పుకుని పడుకునేవాడు ఒకడుంటాడు. అతని పక్కన కాసేపు కూర్చోండి. టీ తాగండి. ధాన్యం డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందండి అని అడగండి. అతను చెప్పిన పేరు, మీ జాబితాలో ఉన్న పేరు పక్కపక్కన రాసుకుని వచ్చి ఇక్కడ పెట్టండి. మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.